పంట కావలిలో పేలిన తుపాకి

మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటున్నదంటే అడవి అంచు గ్రామాల్లో రాత్రిళ్లు నిద్ర వుండదు. పందుల మంద ఒక్క రాత్రి చేలో దిగిందా, మూడు నెలల కష్టం తెల్లారేసరికి మట్టిపాలు. అందుకని మంచె వేస్తారు, కావలి పెడతారు. మంచె ఎక్కేది ఎవరు? సొంత చేనైతే బీదరైతు. పెద్ద ఆసామి చేనైతే కూలిమనిషి. చేతికి ఒక టార్చిలైటు ఇస్తారు, వాయించడానికి ఒక డబ్బా ఇస్తారు. కొన్నిచోట్ల వాటితోపాటు ఒక నాటు తుపాకి కూడా ఇస్తారు.

ఆ తుపాకి పందినే వెతుక్కుని పేలదు. కావలి మారటానికి వచ్చే మనిషికి తగులుతుంది. గట్టు పక్కన బహిర్భూమికి కూర్చున్నవాడికి తగులుతుంది. మందు దట్టిస్తున్న చేతుల్లోనే పేలి వేళ్లు ఎగరగొడుతుంది. మర్నాడు పత్రికలో ఒక మూల నాలుగు పంక్తులు పడతాయి: 'ప్రమాదవశాత్తు గాయపడ్డాడు'. ఆ మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో, ఆ చెయ్యి మళ్లీ కొడవలి పట్టిందో లేదో ఎవరూ అడగరు.

అటువంటి ఒక వ్యవసాయ కూలి తన కుడిచెయ్యి చూపించి మాతో చెప్పిన సంగతి ఇది. అతనూ, అతని బావమరిదీ కలిసి ఒక ఆసామి చేనుకు కావలి వున్నారు. అర్ధరాత్రి దాటాక ఇతను మంచె దిగి, వాగు దగ్గర నీళ్లు ముంచుకుని వస్తున్నాడు. పైన కునుకుపడుతున్న బావమరిది ఆకుల చప్పుడుకు ఉలిక్కిపడి లేచి, చప్పుడు వచ్చిన వైపు కాల్చాడు. "బావా, నువ్వా!" అని అతను కేక పెట్టేసరికి ఇతను గట్టుమీద కూలబడ్డాడు. గుళ్లు మోచేతికి పైన దిగాయి.

అంతవరకూ జరిగింది ప్రమాదమే. తర్వాత జరిగినదాన్ని అలా అనటానికి మాకు నోరు రావటంలేదు. "ఆస్పత్రికి పోతే కేసవుతుందిరా, ఇద్దరూ లోపలికి పోతారు" అన్నాడు ఆసామి. తుపాకి ఎవరిదన్న మాట మాత్రం ఎత్తలేదు. ఊళ్లో సూదులు వేసే ఆయన్ని పిలిపించి పసుపు అద్ది కట్టు కట్టించారు. రెండు రోజులు గడిచాయి. చెయ్యి కుండలా వాచి, ఒళ్లు కాలిపోతుంటే అప్పుడు పట్నం తీసుకుపోయారు. అక్కడ కూడా 'కంచె గీరుకుంది' అని చెప్పమన్నారు, ఇతను అలాగే చెప్పాడు. ఎక్స్‌రే తీశాక గాని డాక్టరుకు అసలు సంగతి తెలియలేదు. "జైలంటే భయమయ్యా. చేతి మాట అప్పుడు తట్టలేదు" అని ఇప్పుడంటున్నాడు.

కేసు భయం ఉత్త భయమని మేము చెప్పం. లైసెన్సు లేని తుపాకి దగ్గర వుంచుకుంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. 2019లో చేసిన సవరణతో ఆ శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా పెరిగింది. తుపాకి గాయాన్ని ఆస్పత్రివారు పోలీసులకు తెలియజేస్తారు, అది కూడా నిజమే. కాని ముందు వైద్యమా, ముందు కాగితాలా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1989లోనే జవాబిచ్చింది. కారు గుద్దిన ఒక స్కూటరు మనిషిని దగ్గరి ఆస్పత్రివారు పోలీసు కేసని చెప్పి ఇరవై కిలోమీటర్ల దూరం పంపితే, అతను దారిలోనే చనిపోయాడు. పర్మానంద్ కటారా వేసిన ఆ వ్యాజ్యంలో కోర్టు తేల్చిచెప్పింది: గాయపడినవాడు దోషి అయినా నిర్దోషి అయినా ప్రాణం కాపాడటం డాక్టరు విధి, అది ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటుదైనా సరే, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతనే. ఈ తీర్పు సంగతి వకీళ్లకు తెలుసు. మంచె ఎక్కే మనిషికి ఎవరు చెప్పారు?

నాటు తుపాకి గాయం బయటికి చిన్నగా కనపడి మోసం చేస్తుంది. ఆ గొట్టంలో దట్టించేది సీసపు గుళ్లే కాదు, సైకిలు బాల్సు, మేకుల ముక్కలు, వాటి మీద పాత గుడ్డపేలికలు. అవన్నీ చొక్కా పీలికలతో, మట్టితో సహా కండలోకి పోతాయి. పైన కట్టు కట్టి మూసేస్తే లోపల కుళ్లు పడుతుంది. ధనుర్వాతం రావచ్చు, కండ చచ్చిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే సర్జన్లు చచ్చిన కండ కోసేసి, కడిగి, గాయాన్ని నాలుగైదు రోజులు తెరిచివుంచి తర్వాత కుడతారు. 'కుట్లు కూడా వేయలేదు, ధర్మాస్పత్రిలో అంతే' అని మనవాళ్లు తిట్టుకోవటం మేము విన్నాం. ఆ విషయంలో తిట్టవలసింది లేదు.

చేలో వుండగా చేయగలిగింది కొంచెమే, కాని ఆ కొంచెంతోనే ప్రాణం నిలుస్తుంది. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి, వదలకూడదు. అదిమినా నెత్తురు ఆగకుండా కారిపోతుంటేనే గాయానికి పైన బిగించి కట్టాలి, కట్టిన టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. పసుపు, కాఫీపొడి, బూడిద ఏదీ వద్దు. గుండు పైకే కనపడుతున్నా వేలుపెట్టి తియ్యవద్దు. పొట్టలో తగిలితే నీళ్లు కూడా పొయ్యవద్దు. 108కి ఫోను చేసి జరిగింది జరిగినట్లు చెప్పాలి.

ఇక కోలుకోవటం. గుళ్లన్నీ తియ్యలేదని మన కూలి చాలాకాలం బాధపడ్డాడు. కండలో ఒదిగిపోయిన గుళ్లను డాక్టర్లు చాలాసార్లు వదిలేస్తారు, వెతికి తీస్తేనే ఎక్కువ నష్టం. కీలులో పడ్డ సీసం మాత్రం తియ్యవలసిందే, కీలులోని ద్రవంలో అది కరిగి ఒంటికి విషం ఎక్కిస్తుంది. ఇనుప ముక్కలు ఒంట్లో వున్నవారు ఎంఆర్ఐ స్కానింగుకు ముందు ఆ మాట చెప్పితీరాలి.

అతనికి దెబ్బతిన్నది పై చేతి ఎముక వెనకగా పోయే నరం. మణికట్టు వేలాడిపోయింది, పైకి లేవదు. నరం తిరిగి పెరిగినా రోజుకు మిల్లీమీటరు లెక్కన, నెలకు ఒక అంగుళం. మోచేతి పైనుంచి వేళ్ల దాకా లెక్క వేసుకోండి, ఏడాదికి దగ్గర. ఆ ఏడాదంతా మణికట్టు కింద బద్ద కట్టుకుని, ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ రోజూ వంచి చాపాలి. లేకపోతే నరం వచ్చేనాటికి కీళ్లు బిగుసుకుపోతాయి. కాని రోజు కూలి మీద బతికేవాడికి ఏడాది ఎవరిస్తారు? అతని భార్య కలుపులకు పోయి ఇల్లు నడిపింది.

ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, బ్యాంకు ఖాతావున్న ప్రతి కూలీ కట్టుకోవాలనే మేమంటాం. అయితే లక్ష రూపాయలు రావాలంటే ఒక చెయ్యో, కాలో, కన్నో పూర్తిగా, శాశ్వతంగా పోయివుండాలి. సగం లేచే మణికట్టుకు ఆ లెక్కలో ధర లేదు. సదరం శిబిరంలో నలభై శాతం వైకల్యం తేలితే పింఛను అడగవచ్చు. తేలకపోతే అదీ లేదు. కావలి పెట్టుకున్న ఆసామిని మాత్రం ఏ చట్టమూ తలుపు తట్టి అడగలేదు. కూలి సంఘాలు అడగవలసింది ఇక్కడే. కావలి కుదిరేటప్పుడే దెబ్బతగిలితే వైద్యం, కూలి ఎవరు భరిస్తారో పదిమందిలో మాట్లాడుకోవాలి. స్టేట్‌మెంటు ఇచ్చేటప్పుడు తుపాకి ఎవరు చేతికిచ్చారో కూడా చెప్పాలి.

కాల్చిన మనిషి సంగతి కూడా చెప్పాలి. బావమరిది నెలల తరబడి అక్క ఇంటి గడప తొక్కలేదు. టపాసు మోగినా వణికేవాడట. ఊరు అతన్ని హంతకుడిలా చూసింది. చివరికి ఈ బావే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

పందులకు మందేమిటి మరి? 1972 వన్యప్రాణి చట్టం కింద పంటను పాడుచేసే పందిని కాల్చడానికి అనుమతి పొందే దారి వుంది. తెలంగాణలో 2021లో సర్పంచుల ద్వారా ఆ అనుమతి ఇచ్చే ఏర్పాటు చేశారు. అయితే కాల్చవలసింది అనుమతి వున్న షూటరు, నిద్రమత్తులో వున్న కూలి కాదు. తుపాకి బదులు కంచెకు కరెంటు తీగ తగిలిస్తామనేవారున్నారు. అది ఇంకా ఘోరం, పొద్దున్నే పొలానికొచ్చే మనిషినే ముందు పట్టుకుంటుంది. సన్నగా షాకు కొట్టి వదిలేసే సోలారు కంచె వేరు. చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేస్తే ఆ ముళ్లకు పంది వెనకాడుతుంది. సోలారు కంచె ఖరీదు బీదరైతుకు అందదు గనుక ఊరుమ్మడిగా వేయించాలని, పంట నష్టపరిహారం ఆ పంటకాలంలోనే ఇవ్వాలని అటవీశాఖను నిలదీయాలి.

పోయిన కారులో బావా బావమరుదులు కలిసి అదే ఊళ్లో ఒక చిన్న రైతు చేనుకు కావలి వున్నారు. మంచె మీద డబ్బా వుంది, టార్చి వుంది, తుపాకి లేదు. దిగినవాడు తిరిగి వచ్చేటప్పుడు గట్టు అవతలే నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు. పైనుంచి జవాబు వచ్చాకనే గట్టు దాటుతాడు.