పై ఇంటి నీళ్లు, కింది ఇంటి నిద్ర

తెలంగాణ పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

అయ్యా,

2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ ఊళ్లలోనూ ఇప్పుడు ఇంటి మీద ఇల్లు లేస్తోంది. పైవాళ్లు ఫ్లష్ నొక్కితే కిందివాళ్ల పడగ్గది గోడ హోరెత్తుతుంది. నైట్ షిఫ్టు దిగొచ్చి పగలు పడుకునే భూపాలపల్లి సింగరేణి కార్మికుడికి ఇది మరీ నరకం.

చప్పుడుకు కారణాలు తెలిసినవే. పైపును ఇనుప క్లాంపుతో గోడకు బిగిస్తే అదురంతా గోడకు పాకుతుంది. పైపు స్లాబ్ దాటే రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చేసినా అంతే. పైనుంచి దూకే మురుగునీరు అడుగున 90 డిగ్రీల మలుపును గుద్దుకుంటుంది. సన్నపైపులో వేగంగా వచ్చే నీటిని ట్యాప్ టక్కున ఆపితే పైపు దడేల్‌మంటుంది.

శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 నివాస ప్రాంతాలకు రాత్రిపూట 45 డెసిబెళ్ల హద్దు పెట్టాయి. అది ఆరుబయటి చప్పుడుకు. ఇంటిలోపలి సంగతికి జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో ధ్వని నియంత్రణ అధ్యాయం ఉంది. దాన్ని అటకెక్కించకుండా ప్లాన్ అనుమతిలోనే ఇవి అడగండి:

1. పడగ్గది గోడలో మురుగు పైపు వద్దు. దానికి ఇటుకతో కట్టిన షాఫ్ట్ ఉండాలి.
2. క్లాంపుల్లో రబ్బరు, స్లాబ్ దాటేచోట మెత్తని తొడుగు తప్పనిసరి.
3. అడుగున 90 డిగ్రీల ఒక్క బెండుకు బదులు 45 డిగ్రీలవి రెండు వేయాలి.
4. నీటి ఒత్తిడి ఎక్కువైన అంతస్తుల్లో దాన్ని తగ్గించే వాల్వు పెట్టాలి.

కట్టేటప్పుడైతే ఖర్చు కొద్దిపాటిదే. టైల్స్ వేశాక గోడ పగలగొట్టడమెవరి తరం? కాబట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు పై అంతస్తులో ఒక్కసారి ఫ్లష్ నొక్కించి, కింద నిలబడి వినమని మీ ఇంజనీర్లకు చెప్పండి.

ఇట్లు,
జనగామ అద్దె ఇంటివాసి ఒకరు