క్షమించమని అడిగే హక్కు

వర్ణవివక్ష పాలన ముగిశాక దక్షిణాఫ్రికా 1995లో చేసిన చట్టం కింద సత్య, సయోధ్య కమిషన్ ఏర్పడింది. ఆంగ్లికన్ ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ దానికి అధ్యక్షుడు. 21,000 మందికి పైగా బాధితులు వాంగ్మూలమిచ్చారు. క్షమాభిక్ష కోరే నేరస్థుణ్ణి చట్టం ముఖ్యంగా అడిగినవి రెండు: నేరం రాజకీయ ఉద్దేశంతో చేసిందై ఉండాలి, నిజం పూర్తిగా చెప్పాలి. పశ్చాత్తాపం చూపమని అడగలేదు. అది పెద్ద లోపమన్నారు చాలామంది. నాకు అందులో నిజాయతీ కనిపిస్తుంది. రాజ్యం శిక్షను మానుకోగలదు గానీ, ఒకడి మనసు మారిందని ధ్రువపత్రం ఇవ్వలేదు. చిక్కు విచారణ వేదిక మీద వచ్చింది. అక్కడ చట్టం ఇచ్చే క్షమాభిక్షా, బాధితులు మాత్రమే ఇవ్వగల క్షమా ఒకే ప్రార్థనలో కలిసిపోయాయి. దాంతో నైతిక భారం హంతకుడి మీంచి బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీదికి మారింది. క్షమించినామె దేశానికి ఆదర్శమైంది. క్షమించలేనామె సయోధ్యకు అడ్డుగా కనిపించింది. 1977లో పోలీసు నిర్బంధంలో చనిపోయిన వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమకారుడు స్టీవ్ బీకో కుటుంబం కోరింది న్యాయవిచారణ. క్షమాభిక్ష చట్టం మీద వారు వేసిన సవాలును 1996లో రాజ్యాంగ న్యాయస్థానం తోసిపుచ్చింది. న్యాయం కోరడాన్ని పగ అనడం ఎంత అన్యాయం!

లెక్క చూడకుండా క్షమించమన్నదే కదా క్రీస్తు బోధ అని అడగవచ్చు. నిజమే. అయితే ఆ బోధ గాయపడినవారి అంతరాత్మతో మాట్లాడుతుంది; గాయపరిచినవాడికి గానీ, ప్రభుత్వానికి గానీ దాన్ని వసూలు చేసుకునే అధికారం ఇవ్వదు. సువార్తలోని సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మారుమనస్సు అక్కడ చేతల్లో కనబడింది. ఆంగ్లికన్ మతాచార్యుడు జోసెఫ్ బట్లర్ 1726లో అచ్చయిన ప్రసంగాల్లో, అన్యాయం మీద కలిగే కోపం మనిషికి సహజమేననీ, హద్దు మీరితేనే దోషమనీ వాదించాడు. నాజీ జర్మనీలో క్రైస్తవ వేదాంతి బోన్‌హోఫర్ 1937లో, పశ్చాత్తాపం లేకుండా పంచిపెట్టే పాపక్షమాపణను చర్చికి ప్రాణాంతక శత్రువుగా చూశాడు. బాధితుల కోపానికి చోటివ్వడానికి క్రైస్తవ నీతి తన సంప్రదాయం దాటి వెళ్లనక్కరలేదు.

క్షమాభిక్ష లేకపోతే అంతర్యుద్ధం వచ్చేదన్న అభ్యంతరం బలమైనది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అధికార మార్పిడి ఒప్పందంలో క్షమాభిక్ష భాగం, 1993 తాత్కాలిక రాజ్యాంగంలోనే ఆ హామీ ఉంది. అలాగైతే దాన్ని శాంతి కోసం బాధితుల న్యాయహక్కును తీసుకుని కుదుర్చుకున్న ఒప్పందమనే చెప్పాలి, వారికి రుణపడ్డామని ఒప్పుకోవాలి. పుణ్యకార్యమని పేరు పెట్టేసరికి ఆ రుణం కనబడకుండా పోయింది. క్షమాభిక్ష దొరికినవారికి అది వెంటనే అమల్లోకి వచ్చింది. బాధితులకు 2003లో గానీ పరిహారం ఖరారు కాలేదు: ఒక్కొక్కరికి ఒక్కసారి ఇచ్చే 30,000 రాండ్లు, కమిషన్ సిఫార్సు చేసినదానికన్నా చాలా తక్కువ.