ఓడలో విశ్రాంతి కోరువారికి

క్రిందటి నెలలో ఒక సోదరి యొద్దనుండి దీర్ఘమైన లేఖ వచ్చినది. ఆమె భర్తగారు మూడేండ్లు మంచమున నుండి గతించిరి. ఆ మూడేండ్లును రాత్రి రెండేసి గంటలకొకమారు లేచి, ఆయనను ప్రక్కకు మరల్చుచు, మందులిచ్చుచు గడపితినని వ్రాసినది. ఇప్పుడు అమెరికాలోనున్న కుమారుడు, "అమ్మా, నీవు చాల అలసితివి, ఓడలో విహారమునకు పోదము రమ్ము" అని మయామీ రేవునుండి బయలుదేరు మహానౌక చిత్రములను పంపినాడట. కొడుకు, కోడలు, ముగ్గురు బిడ్డలు, ఈమె. "నాకు నిద్రయు, నీళ్లను జూచుచు కూర్చుండుటయు దప్ప మరేమియు నక్కరలేదు. అంత ప్రేమతో పిలుచువానితో ఈ మాట యెట్లు చెప్పుదును?" అని ఆమె ప్రశ్న.

సోదరీ! చెప్పియే తీరవలెను. మీ కుమారుని ప్రేమలో లోపము లేదు. ఓడ యెంత పెద్దదైన అంత సుఖమనుకొనుటలో నున్నది పొరపాటు. 2024లో మయామీనుండి తొలి ప్రయాణము చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అను నౌకనే చూడుడు. 20 అంతస్తులు, 7 ఈతకొలనులు, నీటిలో జారుటకు 6 జారుడుబండలు; నిండుగా నెక్కినచో ప్రయాణికులే 7,600 మంది! తిరునాళ్లను నీటిపై తేల్చినట్లుండును. బిడ్డలకది స్వర్గమే. మీకు మాత్రము కాదు.

అంతకంటె నాకు భయము గొలుపునది గదుల పంపకము. "నాయనమ్మయు పిల్లలును ఒక గదిలో" అని తేలుట నిశ్చయము. ఇది యెవరి దుర్బుద్ధియు గాదు, మన యిండ్ల అలవాటు. రాత్రి దాహమన్న బిడ్డకు నీళ్లిచ్చుటకు లేచునది మరల మీరే గదా!

మీ కోరికకు తగిన త్రోవ యొకటి గలదు. ఎటులైనను కొడుకు నొద్దకు పోవలసినదే గనుక, లండనువరకు విమానమున పోయి, సౌతాంప్టన్ రేవున 'క్వీన్ మేరీ 2' నెక్కి న్యూయార్కులో దిగవచ్చును. 2004నుండి నడచుచున్న ఈ నౌక అట్లాంటిక్ దాటుటకనియే లోతైన అడుగుతో కట్టబడినది. సాధారణముగా ప్రయాణము ఏడు రాత్రులు. నడుమ రేవు లేదు. దిగి ఊరు చూడవలెనని తొందరపెట్టువారుండరు. వేకువనే లేచి వరుసలో నిలువనక్కరలేదు. వేలకొలది గ్రంథములున్న పుస్తకశాలయు గలదు. మరియొక ముచ్చట: పడమటికి పోవునపుడు ఐదు రాత్రులు గడియారమును గంట చొప్పున వెనుకకు త్రిప్పుదురు. అనగా మీకు ఐదు దినములు 25 గంటలేసి! ఇంటిపని యెరిగిన స్త్రీకి ఆ గంట విలువ వేరుగా చెప్పవలెనా?

సాధారణముగా ఓడగదుల వెల ఇద్దరికి లెక్కగట్టుదురు గనుక ఒంటరిగా పోవువారు రెండవవారి రుసుమును గూడ చాలవరకు భరింపవలసివచ్చును. ఒంటరి స్త్రీకిది అన్యాయమనియే నా యభిప్రాయము. ఈ నౌకలో 2016లో ఒక్కరికే తగిన గదులు 15 చేర్చిరి. అవి కొద్ది గనుక చాల ముందుగా అడుగవలెను. చలికాలమున ఆ సముద్రము కడు ఉద్ధృతము, వేసవి మేలు. బ్రిటనులో దిగి ఓడనెక్కుటకు కావలసిన వీసా సంగతి ముందే విచారింపుడు. రక్తపోటు మందు వాడువారు ఓడవికారమునకు మాత్రలేవి పనికివచ్చునో వైద్యునడిగి వెంట దీసికొనవలెను.

ఏ ఓడయైనను గది యెన్నుకొనుటలోనే సగము విశ్రాంతి యున్నది. ఓడ పటమును తెప్పించి చూడుడు. నడిభాగమున, క్రింది అంతస్తులలో ఊపు తక్కువ. మీ గదికి పైనను క్రిందను గదులే యుండవలెను. పైన ఈతకొలనున్నచో తెల్లవారకముందే కుర్చీలీడ్చుదురు. క్రింద నాట్యశాలయున్నచో అర్ధరాత్రివరకు వాద్యములే. ముక్కుభాగమున లంగరు గొలుసుల మ్రోత. ప్రక్క గదికి తలుపుగల గదిని తీసికొనరాదు, పొరుగువారి తగవులన్నియు వినవలసివచ్చును! చవుకయని గదిని కంపెనీవారి యిష్టమునకు వదలుట గూడ తగదు. శాకాహారమన్న మాట టికెట్టు కొనునపుడే వ్రాయింపుడు. ఆవకాయ జాడీ సంగతి వారి నియమములు చదివి తేల్చుకొనుడు.

ఒకవేళ కుమారుడు బిడ్డలతోడనే రమ్మని పట్టుబట్టినచో కాదనకుడు, కాని మూడు మాటలు తీసికొనుడు. మీ గది మీదే. బడి సెలవులు కాని దినములలో ప్రయాణము. పిల్లలను పగటివేళ ఓడలోని క్రీడాశాలకు పంపుట. మూడేండ్లు దాటినవారిని చాల ఓడలలో చేర్చుకొందురు. పిమ్మట ఓడ రేవుచేరిన దినమున అందరు దిగిపోవుదురు, మీరు దిగకుడు. ఆ నాలుగైదు గంటలు అంతటి తిరునాళ్లయు ఖాళీ. ఏ కుర్చీనైనను ఎన్నుకొనవచ్చును.

ఇవన్నియు కుమారునికి వ్రాయుటకు మీకు బిడియముగా నున్నచో ఈ పుటనే చించి పంపుడు. కోపము వచ్చినచో నాపైననే రానిండు.