మొదటి మాట ఏ జబాన్‌లో?

దోస్తులారా, ఇవాళ నాలుగు పరాయి మాటలు నేర్చుకుందాం. 'బోరె దా' అంటే సుబహ్ బఖైర్. 'నోస్ దా' అంటే షబ్ బఖైర్. 'దియోల్ఖ్' అంటే షుక్రియా. 'షూమై' అంటే ఎలా ఉన్నారు, ఖైరియతేనా అని. ఇది ఇంగ్లండ్ పక్కనే ఉన్న వేల్స్ వాళ్ల జబాన్, వెల్ష్.

పరాయిది అన్నానుగానీ, లోపలికెళ్తే మనింటి గుఫ్తగూలాగే ఉంటుంది. మనకి తుమ్, ఆప్. నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకి 'తీ', 'ఖీ' ఉన్నాయి. మనం 'మేరే పాస్ కార్ హై', 'నా దగ్గర కారు ఉంది' అన్నట్టే వాళ్లూ 'మై గెన్ ఈ గార్' అంటారు. అదే అర్థం.

ఇంత సాదా మాటలకి పడ్డ సజా చూడండి. 19వ శతాబ్దంలో చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో 'వెల్ష్ నాట్' అనే చెక్కముక్క వేలాడదీసేవాళ్లు. మరో పిల్లాడు నోరుజారితే అది వాడి మెడకి మారేది. చివరికి ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం.

2011లో వెల్ష్‌కి అధికార హోదా దక్కింది. అయినా 2021 జనగణనలో మాట్లాడగలమన్నవాళ్లు 17.8 శాతమే. పదేళ్ల కిందట 19 శాతం. అంటే ఒక్క కానూన్ జబాన్‌ని బతికించదు. అందుకే అక్కడ వెల్ష్ వచ్చిన ఉద్యోగులు నారింజ రంగు బ్యాడ్జీ పెట్టుకుంటారు: 'నాతో మాట్లాడొచ్చు' అని. ఏటా అక్టోబర్ 15న ప్రతి మాటనీ 'షూమై'తో మొదలుపెట్టండంటారు.

మన దగ్గర? 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాషయింది. ఉర్దూ మీడియంలో చదివిన నేనే ఒక దఫ్తర్‌లో గుమాస్తాతో పావుగంట ఇంగ్లిష్‌లో కుస్తీ పట్టాను. ఆయనా పట్టాడు. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. "హౌ అమ్మీ, ఆరూఁ" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. నాకు మాత్రం లోపల శరమ్ అనిపించింది. మా మెడలో చెక్కముక్క ఎవరూ వేయలేదు, మేమే వేసుకున్నాం.

'రోజీ ఇచ్చేది ఇంగ్లిషే కదా భాయ్' అంటారు. నిజమే, దరఖాస్తు ఇంగ్లిష్‌లోనే రాయండి. కానీ పలకరింపుకి పైసా ఖర్చు లేదు. ఉర్దూ అయినా, తెలుగైనా, రేపు దుకాణంలోనో దఫ్తర్‌లోనో మొదటి మాట మీ జబాన్‌లో అనండి. అవతలివాళ్లు కూడా దానికోసమే ఎదురుచూస్తున్నారేమో!