బొమ్మా? బొరుసా?

తెలుగు చెప్పుకునేవాడికి లెక్కలతో పనేమిటని మీరనవచ్చు. పని పడింది మరి. సంక్రాంతి వెళ్ళిన మూడోనాడు మా కాలేజీ కుర్రవాడొకడు చందర్లపాడులో మా ఇంటికి వచ్చి, అరుగుమీద తల వంచుకు కూర్చున్నాడు. పరీక్ష ఫీజుకని తండ్రి ఇచ్చిన డబ్బు బొమ్మా-బొరుసూ ఆటలో పోగొట్టుకున్నాడట.

"వరసగా నాలుగుసార్లు బొమ్మే పడింది మాస్టారూ! ఐదోసారి బొరుసు పడక చస్తుందా అని ఉన్నదంతా ఒడ్డేశాను."

నేను చీవాట్లు పెట్టలేదు. నాలుగు రూపాయి బిళ్ళలు అతని చేతిలో పోశాను. మన అష్టాచెమ్మా పద్ధతే. నాలుగూ బొమ్మలైతే చెమ్మా, నాలుగూ బొరుసులైతే అష్టా. గవ్వలైతే ఒకవైపుకే మొగ్గవచ్చు, అందుకని బిళ్ళలు. 160 సార్లు వెయ్యమన్నాను. చెమ్మా పడ్డప్పుడల్లా ఐదో బిళ్ళ కూడా విసరాలి. మా అమ్మాయి కాగితంమీద గీతలు పెట్టింది.

ఆ తర్వాత నేను ఛందస్సు విప్పాను. నాలుగక్షరాల పాదంలో ప్రతి అక్షరమూ గురువో, లఘువో. రెండురెళ్ళు నాలుగు, నాలుగురెళ్ళు ఎనిమిది, ఎనిమిదిరెళ్ళు పదహారు విధాలు. వాటిలో గురువు లేనిది 1, ఒక గురువున్నవి 4, రెండున్నవి 6, మూడున్నవి 4, అన్నీ గురువులే అయినది 1. ఇదే మేరుప్రస్తారం. పింగళుడి సూత్రాలకు వ్యాఖ్య రాస్తూ 10వ శతాబ్దంలో హలాయుధుడు వివరించాడు. గురువును బొమ్మ అనుకోండి. 160 సార్లలో చెమ్మా సుమారు 10, రెండు బొమ్మలూ రెండు బొరుసులూ సుమారు 60 రావాలి. మాకు 9, 63 వచ్చాయి.

"నాలుగు బొమ్మలే ఇంత అరుదైతే, ఐదు మరీ అరుదు కదా! నేననుకున్నదే రైటు కదా మాస్టారూ?"

"ఐదూ బొమ్మలే కావడం 32 విధాల్లో ఒకటి. నాలుగు బొమ్మల తర్వాత ఒక బొరుసు? అదీ 32లో ఒకటే! నీ గీతలు చూసుకో."

చూసుకున్నాడు. తొమ్మిది చెమ్మాల తర్వాత ఐదో బిళ్ళ 5 సార్లు బొమ్మ, 4 సార్లు బొరుసు.

"అయితే బిళ్ళకి వెనకటి సంగతి గుర్తుండదన్నమాట!" అన్నాడు చాలాసేపటికి.

ఫీజు డబ్బు అప్పిచ్చాను, తండ్రికి తనే నిజం చెప్పాలన్న షరతుమీద. నందిగామ బస్సెక్కిస్తూ, సంఖ్యాశాస్త్రంలో ప్రపంచఖ్యాతి గడించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) చిన్నతనంలో కొన్నాళ్ళు ఆ ఊళ్ళోనే చదువుకున్నారని చెప్పాను. కుర్రవాడు తలూపాడు గాని, మనసక్కడ లేదు.

"మా నాన్న తిడతారో, ఊరుకుంటారో మాస్టారూ?"

దానికి మాత్రం నా దగ్గర మేరుప్రస్తారం లేదు.