టెర్రాఫార్మ్ ప్రొవైడర్స్: ఎవరూ పట్టించుకోని మంచి కమాండ్

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అని పది రివ్యూలు చూస్తాం. అదే క్లౌడ్ సర్వర్లను కోడ్‌లో రాసిన టెర్రాఫార్మ్ ప్రాజెక్ట్ చేతికొస్తే మాత్రం, లోపల ఏ ప్లగిన్లు ఉన్నాయో చూడకుండానే ‘ఇనిట్’ కొట్టేస్తాం. నేనూ అంతే.

ఓ శుక్రవారం సాయంత్రం ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్‌ని (ప్లగిన్లకు ఇక్కడ పేరు అదే) 4 నుంచి 5కి మార్చా. మార్చింది ఒక్క లైనే. షరతులకు సరిపోయే వెర్షనే లేదని ఎర్రర్! గంటన్నర ఫైళ్లన్నీ గాలించాక ఎర్రర్ మెసేజ్ చివరిదాకా చదివా. ‘టెర్రాఫార్మ్ ప్రొవైడర్స్’ రన్ చేయమని అక్కడే ఉంది. చేస్తే, ఏ మాడ్యూల్ ఏ ప్రొవైడర్‌ని ఏ వెర్షన్‌లో అడుగుతోందో చెట్టు కొమ్మల్లా వచ్చింది. ఎవరో ఎప్పుడో రాసిన నెట్‌వర్క్ మాడ్యూల్ లోపల ఇంకో మాడ్యూల్, ఇంకా 4నే పట్టుకుని కూర్చుంది.

కింద స్టేట్‌కి కావాల్సిన ప్రొవైడర్లు విడిగా కనిపిస్తాయి. నన్నడిగితే అసలు విలువ అక్కడే. కోడ్‌లోంచి తీసేసిన ప్రొవైడర్ అక్కడ ఇంకా ఉందంటే, దాని రిసోర్సులు స్టేట్‌లో మిగిలిపోయాయన్నమాట. అవి తేల్చకుండా ముందుకెళ్లొద్దు.

ఒక్కటే చిరాకు. ఇది చూపేది మనం రాసిన వెర్షన్ షరతుల్నే, నిజంగా ఇన్‌స్టాల్ అయిన వెర్షన్‌ని కాదు. దానికి ‘టెర్రాఫార్మ్ వెర్షన్’ కొట్టాలి, లేదా లాక్ ఫైల్ తెరవాలి. రెండూ ఒకేచోట చూపిస్తే ఏం పోయేది? ఓపెన్‌టోఫు వాడేవాళ్లకి ‘టోఫు ప్రొవైడర్స్’ అని ఇదే కమాండ్ ఉంది.