ఆ ఏడు రోజుల మౌనం

యోబును ఓదార్చవచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా పక్కనే కూర్చున్నారు. నోరు విప్పాక, నీ పాపమే కారణమన్నారు. సండేస్కూల్లో పేరుపెట్టి పిలిచినా తిరిగిచూడని, కావలసింది వేలితో చూపించని పసివాడి తల్లితో మనమూ ‘ఆటిజమేమో’ అనేస్తాం. ‘ప్రార్థన చాలలేదు’ అంటే మరీ క్రూరం! ఆటిజం పాపఫలం కాదు, పెంపకంలో లోపమూ కాదు.

జబ్బుకు పేరు పెట్టడం వైద్యుల పని. ఆమెతో విడిగా, మనం చూసినంతవరకే చెబుదాం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, పాతవారికి ఎన్‌ఐఎంహెచ్‌గా తెలుసు. ‘ఓసారి చూపిద్దాం, మేమూ వస్తాం’ అందాం. చిన్న వయసులోనే మొదలుపెట్టిన శిక్షణ ఎక్కువ మేలు చేస్తుంది.

ఆమెకు కోపం రావచ్చు. వాదించనక్కర్లేదు. వచ్చే ఆదివారమూ ఆ పిల్లవాడికి మన బల్లమీదే చోటుంచాలి.